ఫీడర్ యాప్: ఎక్కడో ఒకచోట అయిపోయే వార్తలు కావాలనుకునే వాళ్లకి

ఫీడర్ అని ఆండ్రాయిడ్ ఫోన్లకి ఒక చిన్న యాప్ ఉంది. డబ్బులు అడగదు, ప్రకటనలు వెయ్యదు, ఖాతా తెరవమనదు, ఫోన్ నంబరు కూడా అడగదు. ప్లే స్టోర్‌లో దొరుకుతుంది, ఎఫ్‌-డ్రాయిడ్‌ అనే ఉచిత యాప్‌ల స్టోర్‌లోనూ దొరుకుతుంది. ఏడాది పైగా వాడుతున్నాను, ఇంట్లో అమ్మ ఫోన్లో వేశాను, కోనసీమలో మా అంబాజీపేటలో నేను లెక్కలు రాసే కొబ్బరి కొట్లో ఇంకొందరికి వేసిపెట్టాను. సోషల్ మీడియా తగ్గించుకోవాలి, అలాగని లోకంలో ఏం జరుగుతోందో తెలియకుండా కూర్చోలేం అనుకునే వాళ్లకి ఇంతకంటే మంచి దారి నాకు కనపడలేదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఇది చేసే పని చాలా చిన్నది. మనకి కావాల్సిన వార్తా సైట్లు, పత్రికలు, యూట్యూబ్ ఛానెళ్లు ఏవో ఒకసారి చెప్పి పెడతాం. వాటిల్లో కొత్తది ఏదైనా వస్తే తెచ్చి ఒకే వరసలో పెడుతుంది, కొత్తది పైన, పాతది కింద. ఏది ముందు చూపిస్తే మనం ఎక్కువసేపు ఉంటామో అని లెక్కలు కట్టడం దీనికి రాదు. మనం ఏం చెబితే అవే చూపిస్తుంది, ఇంకోటి కావాలంటే మనమే వెతికి తెచ్చుకోవాలి. ఎవరో రోడ్డు మీద కొట్టుకున్న వీడియో, ఎవరి పెళ్లిలోనో డాన్సు, ఏదో రాష్ట్రంలో జరిగిన యాక్సిడెంటు సీసీ కెమెరా క్లిప్పు, వీటిల్లో ఏదీ దీని గుమ్మం తొక్కదు.

దీని వెనకున్న పద్ధతి పేరు ఆర్ఎస్ఎస్. కొత్తదేం కాదు. 1999లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో పుట్టింది, తయారుచేసిన వాళ్లలో ఒకరు డాన్ లిబ్బీ, ఇంకొకరు మద్రాసు ఐఐటీలో చదువుకున్న రామనాథన్ గుహ. మరుసటి ఏడాది వచ్చిన కొత్త రూపం మీద పనిచేసిన వాళ్లలో ఆరన్ స్వార్ట్జ్ అనే కుర్రాడికి అప్పటికి 14 ఏళ్లు, ఈ సంగతి మా కొట్టుకి సెలవుల్లో వచ్చే ఇంటర్ పిల్లలకి చెబితే నోరెళ్లబెట్టి విన్నారు. సైటు వాళ్లు తమ కొత్త రాతల జాబితాని ఒక చిన్న ఫైలుగా బయట పెడతారు, దాన్నే ఫీడ్ అంటారు, మన యాప్ అప్పుడప్పుడూ వెళ్లి ఆ ఫైలు చూసి వస్తుంది, అంతే దీని కథ. 2005లో ఇలాంటి ఫీడ్లు చదివించే గూగుల్ రీడర్ వచ్చాక చాలామంది దీనికి అలవాటు పడ్డారు, 2013 జూలై 1న గూగుల్ దాన్ని మూసేసింది, అప్పటికే జనం ఫేస్‌బుక్ వైపు వెళ్లిపోయారు. అయినా పద్ధతి పోలేదు, ఎందుకంటే అది ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు, ఈరోజుకీ పాడ్‌కాస్టులు నడిచేది దీని మీదే.

ఇక నాకు అన్నిటికంటే నచ్చిన విషయం. పొద్దున్న ఫీడర్ తెరిస్తే రాత్రి నుంచి వచ్చిన శీర్షికలు వరసగా ఉంటాయి. చూసుకుంటూ పోతాను. అక్కర్లేనిదాన్ని వేలితో పక్కకి తోసేస్తే చదివినట్టు లెక్కేసి జాబితాలోంచి తీసేస్తుంది, కావాల్సింది తెరిచి చదువుతాను, తీరిగ్గా చదవాలనిపించిన పెద్ద వ్యాసమైతే సేవ్ చేసి సాయంత్రానికి దాచుకుంటాను. చివరి శీర్షిక కూడా తోసేశాక చదవడానికి ఇంకేం ఉండదు. స్క్రీన్ ఖాళీ. మొదట్లో ఆ ఖాళీ చూసి వేలు దానంతటదే పైనుంచి కిందికి లాగుతుంది, ఇంకేమైనా వస్తుందేమోనని, కొన్నాళ్లకి ఆ లాగడం కూడా మానేస్తుంది, ఎందుకంటే అక్కడ నిజంగానే ఏమీ లేదని వేలికి కూడా అర్థమవుతుంది. ఫోన్ కింద పెట్టి స్నానానికి లేస్తాం.

ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాలో ఈ చివర అనేదే ఉండదు, కావాలనే తీసేశారు. 2006లో అజా రాస్కిన్ అనే డిజైనర్, కిందికి జరిపేకొద్దీ కొత్తవి వచ్చి చేరే పద్ధతి తయారుచేశాడు. అంతకుముందు పేజీ చివరికొచ్చాక 'తర్వాతి పేజీ' అని నొక్కాల్సి వచ్చేది, ఆ నొక్కే చోట మనిషికి 'ఇక చాల్లే, లేద్దాం' అనిపించడానికి ఒక క్షణం దొరికేది. ఆ క్షణం పోయింది. దాని వల్ల జరిగినదానికి బాధపడుతున్నానని తర్వాత ఆయనే బయటికి చెప్పాడు. మనవాళ్లలో చాలామంది 'నాకు మనసు మీద అదుపు లేదండి, ఫోన్ పట్టుకుంటే వదల్లేను' అని తమని తామే తిట్టుకుంటారు, అలా తిట్టుకోవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఆగే చోటే లేకుండా చేసిపెట్టి, ఎందుకు ఆగలేదని ఆ మనిషిని అడిగితే ఎలా?

దీనికి తోడు మన డేటా ప్యాకులు. రోజుకి జీబీన్నర, రెండు జీబీలు అని ఇస్తారు, అర్ధరాత్రి దాటితే మిగిలింది పోతుంది. 'ఇంకా సగం ఉంది, ఊరికే పోవడం ఎందుకు' అని పడుకునే ముందు వీడియోలు పెట్టుకునే వాళ్లు మా వీధిలోనే ఉన్నారు. డబ్బులు కట్టాం కాబట్టి వాడెయ్యాలన్న ఆ ఆత్రం ముందు వదిలించుకోవాలి. ఫీడర్ తెచ్చుకునేది చాలావరకు అక్షరాలే, ఫొటోలు వైఫై ఉన్నప్పుడే తెమ్మని కూడా పెట్టుకోవచ్చు, నెలంతా వాడినా డేటా లెక్కలో కనపడనంత తక్కువ.

ఇన్నాళ్లు వాడాక నాకు గట్టిగా అనిపించేది ఏంటంటే, ప్రతి కబురుకీ దాని నడక దానికుంటుంది, అంతకంటే ఎక్కువసార్లు చూసినా మనకి కొత్తగా తెలిసేది ఉండదు. మా మార్కెట్టే చూడండి. అంబాజీపేట ధరలు, కురిడీలో, అంటే ఎండు కొబ్బరికాయలో, గండేరా రకం పాతకాయ ఇంత, గటగట రకం ఇంత, పచ్చికాయ వెయ్యికి ఇంత అని రోజుకోసారి తేలతాయి, మర్నాడు పేపర్లో పడతాయి. పగలంతా వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం తమిళనాడులో పడిపోయిందట, ఉత్తరాదిన పండగ కొనుగోళ్లు మొదలయ్యాయట, రేపు వెయ్యికి ఇంత పెరుగుతుందట అని తిరుగుతూనే ఉంటుంది. ఆ మెసేజీలు చదివి కాయల దింపు ఆపేసిన రైతులున్నారు, గాభరాపడి అయినకాడికి అమ్మేసుకున్న వాళ్లూ ఉన్నారు. కొట్లోకి వచ్చి 'ఏవండీ, గ్రూపులో ఇలా పెట్టారు, నిజమేనా' అని అడిగితే మా షావుకారు గారు చెప్పే జవాబు ఎప్పుడూ ఒకటే, 'ఆ పెట్టినాయన కొంటాడేమో కనుక్కోండి, ఆయ్.'

గోదావరి వరదైనా అంతే. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ నీరు ధవళేశ్వరం చేరి, అక్కడినుంచి గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల్లో దిగి లంకల్ని పట్టుకోవడానికి టైమ్ పడుతుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది, ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులకి పైగా సముద్రంలోకి వదిలారు, లంక ఊళ్లు మునిగాయి. అలాంటప్పుడు లంకలో ఉన్న మనిషికి కావాల్సింది భద్రాచలంలో ఎంతుంది, ధవళేశ్వరంలో ఎంతుంది, పడవ ఎక్కడికొస్తుంది, ఈ మూడు కబుర్లే. గంటకోసారి చూసుకుంటే సరిపోయే అంకెలవి. కానీ ఫోన్లోకి వచ్చి పడేవి ఎక్కడివో డ్యామ్ గేట్ల వీడియోలు, ఫలానా చోట గట్టు తెగిందన్న పుకార్లు, పాత వరద ఫొటోలు. తుఫాను విషయంలోనూ ఇదే వరస. వాతావరణ శాఖ వాళ్లు తుఫాను బులెటిన్లు మామూలుగా మూడు గంటలకోసారి ఇస్తారు, 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా మన నరసాపురం దగ్గర తీరం దాటేదాకా వాళ్లు కబురు చెబుతూనే ఉన్నారు. ఆ రెండు బులెటిన్ల మధ్య ప్రతి నిమిషం ఫోన్ చూసిన వాళ్లకి వచ్చింది టెన్షన్ ఒక్కటే, కొత్త సమాచారం కాదు.

ఆ నడకకి సరిపోయేలా ఫీడర్‌ని సర్దుకోవచ్చు. ఎంతసేపటికోసారి వెళ్లి కొత్తవి తేవాలో మనమే చెబుతాం, పదిహేను నిమిషాల నుంచి రోజుకోసారి దాకా ఉంది, అసలు మనం అడిగినప్పుడే తెమ్మని కూడా పెట్టొచ్చు. నేను ఆరు గంటలకోసారి తెమ్మని పెట్టాను, అదీ వైఫై ఉన్నప్పుడే. నోటిఫికేషన్లు సైటు సైటుకీ విడిగా ఉంటాయి. నా సలహా, అన్నీ ఆపెయ్యండి. వార్త వచ్చిందని ఫోన్ గంట కొట్టాల్సినంత అవసరం మన బతుకుల్లో చాలా తక్కువసార్లు పడుతుంది.

కొత్త సైటు కలపడం తేలికే. మెనూలోకి వెళ్లి సైటు అడ్రస్ అతికిస్తే దాని ఫీడ్ ఎక్కడుందో ఇదే వెతుక్కుని చూపిస్తుంది. దొరకలేదంటే అడ్రస్ చివర ఏటవాలు గీత (/) పెట్టి ఇంగ్లీషులో feed అని కొట్టి చూడండి, వర్డ్‌ప్రెస్‌తో కట్టిన సైట్లలో చాలావాటికి ఇది పనిచేస్తుంది. నా జాబితాలో బీబీసీ తెలుగు ఉంది, ది హిందూ వాళ్ల ఆంధ్రప్రదేశ్ పేజీ ఉంది, 1998 నుంచి వస్తున్న ఈమాట వెబ్ పత్రిక ఉంది. ఈమాట నెలకోసారి వస్తుంది, ఆ నెలకోసారి రావడమే నాకు ఇష్టం, వచ్చిన రోజున కథలూ వ్యాసాలూ వరసగా పడతాయి, ఒకేసారి చదివెయ్యకుండా ఆదివారాలకి దాచుకుంటాను.

చాలామందికి తెలియని ఇంకో సంగతి చెబుతాను. తెలుగు వికీపీడియాలో ప్రతి పేజీకీ చరితం అని ఒకటి ఉంటుంది, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో అందులో ఉంటుంది, దానికి కూడా ఫీడ్ ఉంది. మా ఊరి పేజీదీ, కోనసీమ పేజీదీ ఫీడ్లు కలుపుకున్నాను. ఎవరైనా జనాభా లెక్క మార్చినా, గుడి గురించి ఒక వాక్యం కలిపినా నాకు కనపడుతుంది. ఒకసారి మా ఊరి పంట కాలవ పేరు ఎవరో తప్పుగా రాస్తే సరిచేశాను. ఎవరో రాసినదానికి కోపం తెచ్చుకుని కింద కామెంట్ పెట్టడం కంటే ఆ వాక్యం సరిచేసి రావడం ఎంత తృప్తిగా ఉంటుందో చేసి చూడండి. ఎవరూ లైక్ కొట్టరు, ఆ ఊరి గురించి వెతికే పిల్లాడికి మాత్రం సరైన పేరు దొరుకుతుంది.

యూట్యూబ్ ఛానెళ్లు కూడా కలుపుకోవచ్చు, ఆ ఛానెల్లో ఇటీవల వచ్చిన 15 వీడియోల దాకా ఫీడ్‌లో ఉంటాయి. దీనివల్ల యూట్యూబ్ మొదటి పేజీ తెరవక్కర్లేదు, షార్ట్స్ జోలికి పోనక్కర్లేదు. కానీ వీడియో నొక్కాక తెరుచుకునేది యూట్యూబే, ఆ వీడియో అయిపోయాక కింద వేరే వీడియోలు పేరుస్తూనే ఉంటుంది. ఆటోప్లే ఆపి పెట్టుకోండి, అది ఆపకపోతే సగం ప్రయోజనం పోయినట్టే.

అమ్మ విషయం ప్రత్యేకంగా చెప్పాలి. కళ్లజోడు పెట్టుకున్నా ఫోన్లో సన్న అక్షరాలు ఆవిడకి ఆనవు. ఫీడర్‌లో అక్షరాల సైజు బాగా పెంచుకోవచ్చు, అంతకంటే మేలైనది, వ్యాసాన్ని పైకి చదివి వినిపించే ఏర్పాటు. ఫోన్లో ఉండే తెలుగు గొంతునే ఇది వాడుకుంటుంది, ఫోన్ సెట్టింగుల్లో ఆ గొంతు వేగం కాస్త తగ్గించి పెట్టాను. సాయంత్రం పూట అరుగు మీద కూర్చుని, ముందు కొబ్బరాకులు వేసుకుని, చిన్న కత్తితో ఆకు గీరేసి ఈనె ఒక పక్కకి వేస్తూ వింటుంది. ఫోన్ స్టీలు గిన్నెలో పెడుతుంది, గిన్నెలో పెడితే గట్టిగా వినపడుతుందని ఆవిడే కనిపెట్టుకుంది. పక్కింటావిడ వచ్చి 'ఏంటి వదినా, రేడియో కొన్నారా' అంటే, 'కాదమ్మా, పేపరు. మా వాడు చదివించే ఏర్పాటు చేశాడు' అంది. అంకెలొచ్చినప్పుడు ఆ గొంతు ఒక్కోసారి తడబడుతుంది, 'కి.మీ.' అని ఉంటే 'కి' అని ఆగి, 'మీ' అని ఆగి ముందుకెళ్తుంది, ఇంట్లో పిల్లలు నవ్వుతారు. అమ్మకి ఆ పట్టింపు లేదు.

ఇదివరకు ఆవిడ చేతికి ఫోనిస్తే ఆరోగ్య చిట్కాల రీల్స్ ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. షుగర్ మాత్రలు మానేసి ఫలానా ఆకు కషాయం తాగండి, మోకాళ్ల నొప్పులకి ఆపరేషన్ వద్దు ఈ నూనె రాయండి, ఇలాంటివి. ఒకటి చివరిదాకా చూస్తే చాలు, అలాంటివి మరో పది వచ్చి పడేవి. పెద్దవాళ్ల ఫోన్ల గురించి మనం పిల్లల ఫోన్ల గురించి ఆలోచించినంత ఆలోచించం. ఇంట్లో అరవై దాటిన వాళ్లుంటే, వాళ్ల ఫోన్లో ఏం వస్తోందో ఒక పూట పక్కన కూర్చుని చూడండి, తిట్టకుండా, లాక్కోకుండా, ఊరికే చూడండి. ఆ తర్వాత ఈ యాప్ వేసి, వాళ్లకి ఇష్టమైనవి నాలుగు కలిపి ఇవ్వండి. అమ్మకి భక్తి వ్యాసాలు, వంటలు, రాష్ట్ర వార్తలు పెట్టాను. వాటిల్లో తోటకూర కాడల పులుసు దగ్గర ఆ రాసినావిడతో అమ్మకి అభిప్రాయభేదం వచ్చింది, బెల్లం ఎక్కువ వేసిందట.

వాట్సాప్ మానెయ్యమని నేను ఎవరికీ చెప్పను. మన వైపు అది కుదరదు. రొయ్యల చెరువుల వాళ్లకి కౌంటు ధరలు అందులోనే వస్తాయి, బడి కబుర్లు అందులోనే, చావు కబురైనా అందులోనే. కాకపోతే పని కోసం ఉన్నదాన్ని పని వరకే ఉంచుకోవచ్చు. అక్కర్లేని గ్రూపులన్నీ ఆర్కైవ్‌లో పెట్టేస్తే కొత్త మెసేజీ వచ్చినా అవి పైకి రావు, గ్రూపు వదిలేశారన్న మాటా పడదు. ఫొటోలు, వీడియోలు వాటంతటవే దిగకుండా సెట్టింగుల్లో ఆపెయ్యండి. అప్‌డేట్స్ అన్న చోట ఛానెళ్లు ఏవైనా ఫాలో అవుతుంటే తీసెయ్యండి, ఆ వార్తలు ఎలాగూ ఫీడర్‌లో చదువుతారు.

ఇక లోపాలు. తెలుగు దినపత్రికల సైట్లు కొన్ని ఫీడ్ ఇవ్వనే ఇవ్వవు, కొన్ని ఇచ్చినా శీర్షికా రెండు వాక్యాలూ ఇచ్చి మిగతాది సైటుకొచ్చి చదవమంటాయి. మొత్తం వ్యాసం తెచ్చిపెట్టమని ఫీడర్‌లో ఒక మీట ఉంది, బాగా కట్టిన సైట్లకి చక్కగా పనిచేస్తుంది, ప్రకటనలతో కిక్కిరిసిన సైట్లకైతే వ్యాసం బదులు 'ఇవి కూడా చదవండి' అన్న జాబితా మాత్రమే వస్తుంది. మన జిల్లా స్థాయి వార్తలు, అంటే ఏ ఊళ్లో కరెంటు ఎప్పుడు తీస్తారు, ఏ రేవులో పంటు (నది దాటించే పెద్ద పడవ) ఆపారు లాంటివి, దీనిలో దొరకవు, వాటికి ఇంకా జిల్లా పేపరే దిక్కు. ఫేస్‌బుక్, ఇన్‌స్టా పేజీలకి ఫీడ్ లేదు కాబట్టి అక్కడ మాత్రమే రాసే వాళ్లని ఇందులోకి తేలేం.

కొన్ని కంపెనీల ఫోన్లు బ్యాటరీ మిగల్చడం కోసం వెనక నడిచే యాప్‌లని ఆపేస్తాయి, దాంతో ఫీడర్ తనంతట తాను కొత్తవి తేలేక నిన్నటివే చూపిస్తుంది. ఫోన్ సెట్టింగుల్లో ఈ యాప్‌కి బ్యాటరీ ఆంక్ష తీసేస్తే సరిపోతుంది, కానీ అది ఎక్కడుందో పట్టుకోవడం మామూలు మనిషికి కష్టమే, మా కొట్లో ఒకాయన ఫోన్లో వెతకడానికి మధ్యాహ్నం భోజనాల టైమంతా పట్టింది.

ఇంకో జాగ్రత్త. ఉత్సాహం కొద్దీ యాభై అరవై సైట్లు కలిపేస్తే పొద్దున్నే మూడొందల శీర్షికలు ఎదురుచూస్తుంటాయి, చదవలేదే అన్న దిగులు పట్టుకుంటుంది, అదే జబ్బు ఇంకో దారిలో లోపలికి వస్తుంది. రోజుకి నలభై వార్తలు వేసే సైటు ఒక్కటి చాలు, మిగతావి వారానికోసారి, నెలకోసారి రాసేవి చూసుకోండి. వరసగా తెరవకుండా తోసేస్తున్న సైటు ఉంటే మొహమాటపడకుండా తీసెయ్యండి.

తుఫాను, వరద లాంటి వేళల్లో దీని మీద ఆధారపడొద్దు. అది దీని పని కాదు. ప్రభుత్వం పంపే హెచ్చరిక మెసేజీలు, రేడియో, పంచాయతీ వాళ్లు చెప్పే మాట, వీటికే చెవి ఒగ్గాలి.

నెట్ లేనప్పుడు మాత్రం ఇది బాగా ఆదుకుంటుంది. 2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు మీద గొడవలు జరిగాక, పుకార్లు పాకకుండా కోనసీమంతా మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు, మళ్లీ పూర్తిగా రావడానికి దాదాపు రెండు వారాలు పట్టింది. ఇంటి దగ్గర్నుంచి సాఫ్ట్‌వేర్ పని చేసుకునే పిల్లలు లాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ దొరికే చోటికి, గోదావరి గట్టు మీదకి పోయి కూర్చున్నారు. అలాంటి రోజులు మళ్లీ రాకూడదనే కోరుకుంటాను, కానీ తెచ్చిపెట్టుకున్న వ్యాసాలు ఫోన్లోనే ఉండటం ఎంత మేలో అలాంటప్పుడే తెలిసొస్తుంది. మొత్తం వ్యాసం తెచ్చే మీట వేసి ఉంచితే, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం చేరేలోపు సిగ్నల్ ఉన్నా లేకపోయినా రెండు మంచి వ్యాసాలు చదువుకోవచ్చు. దీనికి జోడీగా కివిక్స్ అన్న యాప్ కూడా వేసుకోండి, అదీ ఉచితమే, తెలుగు వికీపీడియాని ఒక ఫైలుగా ఫోన్లోకి దించుకుంటే ఆ తర్వాత నెట్ అవసరం లేకుండా చదువుకోవచ్చు. ఇంట్లో బడికెళ్లే పిల్లలుంటే తప్పకుండా వెయ్యండి. ఏదైనా వెతకడానికని ఫోన్ తీసుకుని ఇంకెక్కడికో వెళ్లిపోయే బాధ ఉండదు, ఎందుకంటే అందులో ఇంకెక్కడికీ వెళ్లే దారి లేదు.

ఎవరికి నప్పదో కూడా చెప్పేస్తాను. సోషల్ మీడియాలోనే సరుకు అమ్ముకునే వాళ్లకి, చీరల వ్యాపారం చేసే ఆడవాళ్లకి, పూతరేకులు ఆర్డర్ల మీద పంపే వాళ్లకి ఆ యాప్‌లు జీవనాధారం, వాళ్లు వాటిని వదలాలని ఎవరూ అనకూడదు. వాళ్లు కూడా చదువుకునేదాన్ని అక్కడినుంచి తీసి ఇక్కడ పెట్టుకుంటే, అక్కడికి అమ్మకం పని మీదే వెళ్లి రావచ్చు. పదిమందితో మాట కలపడం కోసం, ఎవరో ఒకరు పలకరిస్తారని ఫేస్‌బుక్ తెరిచే వాళ్లకి మాత్రం ఫీడర్‌లో ఆ లోటు తీరదు. ఇందులో మనుషులు లేరు, రాతలే ఉన్నాయి. ఆ లోటు తీర్చుకోవడానికి ఒక ఫోన్ కాల్ చెయ్యండి, లేదా సాయంత్రం శాఖా గ్రంథాలయానికి వెళ్లండి, పేపర్లు తిరగేస్తూ మాట్లాడుకునే పెద్దలు అక్కడ ఇంకా కనపడతారు.

నా వరకు అయిదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర తగ్గించింది మొత్తం వ్యాసం తెచ్చే విషయంలో తెలుగు సైట్లతో పడే ఇబ్బందికి.

కంప్యూటర్లో చదవాలంటే థండర్‌బర్డ్‌లో కూడా ఫీడ్లు పెట్టుకోవచ్చు. ఐఫోన్ వాళ్లకి ఫీడర్ లేదు, నెట్‌న్యూస్‌వైర్ వేసుకోండి, అది కూడా ఉచితమే, ప్రకటనలు లేవు. ఫీడర్‌లో ఖాతా అంటూ లేదు కాబట్టి ఫోన్ మార్చినా, పోయినా జాబితా కూడా దానితోనే పోతుంది, అందుకని సెట్ చేసుకున్న రోజునే మెనూలో ఎక్స్‌పోర్ట్ నొక్కి మీ సైట్ల జాబితా ఉండే ఓపీఎంఎల్ అనే ఫైలు తీసి మీకు మీరే మెయిల్ పంపి ఉంచుకోండి. ఆ ఫైలు కొత్త ఫోన్లో తెరిస్తే మీ సైట్లన్నీ తిరిగొస్తాయి, నెట్‌న్యూస్‌వైర్‌లోనూ తెరుచుకుంటుంది.